తెర ముందు ఇరవై సరదాలు

"ఎండదెబ్బ తగిలి పిల్ల కళ్ళు తేలేస్తే ఎవరిది పూచీ?" అన్నాను.

అప్పటికి పిల్ల బడి నుంచి వచ్చి బూట్లు కూడా విప్పలేదు. సంచీలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది, అంతే. ఆకుపచ్చ కాగితం. పైన నవ్వుతున్న సూర్యుడి బొమ్మ. ఆ బొమ్మ గీసినవాళ్ళు మధ్యాహ్నం రెండింటికి ఎప్పుడైనా వీధిలో నిలబడి ఉంటే సూర్యుడికి నవ్వు పెట్టేవాళ్ళు కాదు, కోరలు పెట్టేవాళ్ళు. కింద పెద్ద అక్షరాలతో 'వేసవి సెలవుల్లో పిల్లలతో ఇరవై సరదాలు' అని ఉంది.

మా ఆయన పాస్‌పోర్టు ఫోటోలు కత్తిరిస్తూ, తలెత్తకుండానే, "ఆలూ లేదు, చూలూ లేదు..." అన్నాడు. మిగతాది మింగేశాడు. ఆయన సామెతలన్నీ అంతే, సగంలో ఆగుతాయి. పూర్తిచేస్తే నేను మొదలుపెడతానని భయం.

మాది ఫోటో స్టూడియో. ముందు గదిలో వ్యాపారం, వెనక వంట, పైన పడక. ఫోటో తీసేది ఆయన. దాన్ని చూడదగ్గట్టు చేసేది నేను. మొటిమలు తీసెయ్యడం, గడ్డం కింద వేలాడే కండ తగ్గించడం, ఏడ్చి వచ్చిన కళ్ళ కింద నలుపు తుడిచెయ్యడం. పదో తరగతితో చదువు ఆగినా ఆ పని కంప్యూటరు మీద ఎవరూ నేర్పకుండానే పట్టుబడింది. మనుషుల మొహాలు అంత దగ్గర నుంచి రోజూ చూసేవాళ్ళకి మనుషుల మీద గౌరవం మిగలడం కష్టం. ఆ సంగతి కూడా ఎవరూ నేర్పలేదు.

కాగితం చేతిలోకి తీసుకుని పైకి చదివాను.

"ఒకటి. తెల్లవారకముందే లేచి సూర్యోదయం చూడడం. ఏం, మనం చూడకపోతే ఉదయించడా? రెండు. బస్సెక్కి చివరి స్టాపు దాకా వెళ్ళి రావడం. ఎందుకు? అక్కడెవరున్నారు మనకి? మూడు. చెట్టు కింద కూర్చుని భోంచేయడం. ఇంట్లో కంచాలు అరిగిపోయాయా? నాలుగు. వానలో తడవడం..."

"అమ్మా, నువ్వలా చదవకు," అంది మా అమ్మాయి.

దాని పేరు వేరే ఉంది గానీ ఇంటా బయటా అందరూ మిరియం అనేవాళ్ళు. తొమ్మిదేళ్ళు. చూడ్డానికి ఇంతే ఉంటుంది, తగిలితే ఘాటు.

"మరెలా చదవాలి?"

"టీచరులా చదువు."

టీచరు ఇరవై సరదాలు రాసిందే గానీ ఇరవై ఒకటోది రాయలేదు. వెళ్ళిన పిల్ల ఒళ్ళు విరక్కుండా ఇంటికి చేరడమనేది ఆవిడ లెక్కలో సరదా కాదు. ఒక్కోదానికి ఒక ఫోటో తీసి నోటుబుక్కులో అంటించాలట. దాని కింద రెండు వాక్యాలు రాయాలట. ఇరవై పూర్తిచేసిన పిల్లల్ని బడి తెరిచిన రోజున అందరి ముందూ నిలబెడతారట.

"నేనూ నిలబడతా," అంది మిరియం.

అది అడిగింది అంతే. ఆ ఏడు వేసవంతా అది నన్ను అడిగింది ఆ ఒక్కటే.

మర్నాడే ఎదురింటి దర్జీ ఆవిడ దిగింది. ఆవిడకి షికారు అని పేరు పెట్టింది నేనే. సాయంత్రం నాలుగయ్యేసరికి కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, ఇద్దరాడపిల్లల్నీ చెరో చేత్తో పట్టుకుని బయల్దేరేది. ఎక్కడికమ్మా అంటే, "ఊరికేనే అక్కా, కాసేపలా," అనేది. ఊరికే! నాకు తెలిసి ఊరికే తిరిగేవి కుక్కలు. వాటికైనా చెత్తకుండీ దాకా అని ఒక లక్ష్యం ఉంటుంది.

"పార్కుకి వెళ్తున్నాం అక్కా. మిరియాన్ని కూడా పంపించు. లిస్టులో ఉందిగా, ఉయ్యాల."

"గొలుసు తెగితే?"

"తెగదక్కా."

"తెగే ముందు నీకు చెప్పి తెగుతుందా?"

"నేనుంటాగా."

"నీకున్నవి రెండు చేతులు. అవి నీ ఇద్దరికే సరిపోయాయి. నా పిల్లని దేంతో పట్టుకుంటావు?"

ఆవిడ నవ్వేసింది. అదే నాకు ఒళ్ళుమంట. ఏం తిట్టినా నవ్వేది. ఏం తినేదో ఏమో, ఆవిడకి సిగ్గుగానీ కోపంగానీ వచ్చేవి కావు. ఇద్దరు పిల్లలూ మోకాళ్ళ మీద చెక్కుకుపోయిన చర్మంతో, నెత్తిన దుమ్ముతో, రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ చేతులూపుతూ వెళ్ళేవాళ్ళు. మిరియం కిటికీ ఊచలు పట్టుకుని వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసేది. నాకు కనబడకుండా చూస్తున్నాననుకునేది.

వారం గడిచింది. నోటుబుక్కు ఖాళీ. ఎనిమిదో రోజున మిరియం దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. ఏడుపుని కళ్ళలోకి రానివ్వలేదు.

"అందరూ నిలబడతారు. నేనొక్కదాన్నే కూచుంటా."

"కూచుంటే కాళ్ళు నొప్పి పుట్టవు."

"అమ్మా!"

ఏం చెయ్యను? పంపిస్తే పిల్ల దక్కదు. పంపకపోతే పిల్ల మొహం చూడలేను. అలా పైకి చూశాను. కప్పు కింద ఇనుప కడ్డీలకి చుట్టి ఉన్నాయి మా తెరలు ఐదు. తాడు లాగితే దిగుతాయి. సముద్రం, కొండలు, పూలతోట, మంచు, మేడమెట్లు. ఊళ్ళో సగం మంది పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ వాటి ముందే జరిగాయి. మంచు ముందు నిలబడి చెమటలు కార్చినవాళ్ళెంతమందో. లోపలికొచ్చేదాకా ఒకరి జుట్టు ఒకరు పట్టుకున్నంత పని చేసి, "నవ్వండి" అనగానే బుజాలు రాసుకుని నవ్విన మొగుడూ పెళ్ళాలెంతమందో. ఆ ఫోటోలు గోడలకి తగిలించుకుని, వచ్చేపోయేవాళ్ళకి చూపించుకుని మురిసిపోతున్నారు. వాళ్ళకి లేని తప్పు నా పిల్లకి వచ్చిందా?

"ఏమండీ, సముద్రం దించండి," అన్నాను.

"ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు. మన పిల్ల వెళ్తోంది సముద్రానికి."

ఆయన కత్తెర పక్కన పెట్టాడు. ఆయన కత్తెర పక్కన పెట్టడమంటే మామూలు విషయం కాదు.

"పిల్లకి అబద్ధం నేర్పుతున్నావు."

"మీరు ఇన్నేళ్ళుగా ఊరంతటికీ నేర్పుతున్నారు. ఇంట్లోదానికి నేర్పితే ఏం?"

ఆయన తాడు లాగాడు. ఆయనలో నాకు నచ్చనిదీ, పనికొచ్చేదీ ఆ ఒక్క గుణమే. వాదిస్తాడు, కానీ మొదటి మాట వరకే.

పక్క సందులో ఇల్లు కడుతున్నారు. అక్కడి నుంచి బేసిన్‌తో ఇసక తెచ్చి పాత దుప్పటి మీద పోశాను. ఇస్త్రీకి నీళ్ళు చిమ్మే సీసాతో దాని జుట్టు తడిపాను. బల్ల ఫ్యాను పెట్టాను గాలికి. ఆ తెర వేసిన పెయింటరు కూడా సముద్రం చూసినవాడు కాదనుకుంటా, అలలన్నీ దువ్వెనతో దువ్వినట్టుంటాయి. అయినా లైట్లు వేసి, కాస్త పక్కకి నిలబెట్టి చూస్తే బాగానే ఉంది.

"అమ్మా, అల రావాలి," అంది మిరియం.

"వస్తుందిలే, ఊహించుకో."

"ఊహ చల్లగా ఉండదు."

చెంబుతో నీళ్ళు తెచ్చి దాని పాదాల మీద గబుక్కున కుమ్మరించాను. కెవ్వుమని ఎగిరింది. ఆయన అప్పుడు నొక్కాడు. ఇంకోసారి అంది. ఇంకో చెంబు. మూడో చెంబుకి అది నవ్వలేక ఎక్కిళ్ళు పెట్టింది. అంత నవ్వు దాని మొహంలో అంతకు ముందు నేను చూడలేదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. తర్వాత గచ్చు తుడిచి, దుప్పటి దులిపి, ఇసక వీధిలో పోసేసరికి నడుము పోయింది. పోతే పోయింది. సముద్రానికి వెళ్ళినవాళ్ళకి ఇంత క్షేమంగా ఇల్లు చేరే యోగం ఉందా?

ఆ తర్వాత మేం ఆగలేదు. మెడకి మఫ్లరు చుట్టి, చేతికి కర్ర ఇచ్చి కొండెక్కించాను. పూలతోటలో రొట్టె ముక్కలూ ఉడికించిన గుడ్లూ పెట్టి వనభోజనం చేయించాను. ఆ గుడ్లు మాత్రం నిజం, తినేసింది. సూర్యోదయం పొద్దున్న పదకొండింటికి పసుపు బల్బుతో అయింది. బస్సు తెర మా దగ్గర లేదు. వంటింటి కిటికీ పక్కన కూర్చోబెట్టి, చేతిలో పాత టిక్కెట్టొకటి పెట్టి తీసి, వెనక రోడ్డు పరిగెత్తుతున్నట్టు కంప్యూటరులో నేనే మసక చేశాను. ఎంత బాగా కుదిరిందంటే, చూస్తుంటే నాకే కడుపులో తిప్పింది.

వాక్యాలు నేను చెప్పేదాన్ని, అది రాసేది. 'మేము సముద్రానికి వెళ్ళాము. చాలా సరదాగా గడిచింది.' 'మేము కొండ ఎక్కాము. చాలా సరదాగా గడిచింది.'

"అన్నిటికీ ఒకటేనా అమ్మా?"

"అందరూ రాసేది అదే. సరదాలో రాయడానికి ఏమీ ఉండదు. దెబ్బ తగిలితే ఉంటుంది."

నాలుగో వారానికి పంతొమ్మిది అయ్యాయి. ఒకటే మిగిలింది. పారే నీళ్ళలోకి దిగడం. పారే నీళ్ళ తెర లేదు, చెంబు సరిపోదు. చూద్దాంలే అనుకున్నాను. ఊళ్ళో తల్లులందరూ ఎండలో పడి మాడుతుంటే నేను నీడన కూర్చుని పంతొమ్మిది చేయించాను. గర్వంగానే ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి.

అప్పుడొచ్చింది షికారు, పిల్లలిద్దర్నీ వెంటేసుకుని, ఫోనులో ఫోటోలు అచ్చు వేయించుకోడానికి.

వాటిని ఫోటోలు అనడానికి మా ఆయనకి నోరు రాలేదు. ఒకదాంట్లో సగం వేలు అడ్డం. ఒకదాంట్లో చిన్నపిల్ల కళ్ళు మూసుకుపోయి ఉన్నాయి. ఇంకోదాంట్లో నీళ్ళు తప్ప ఏమీ లేవు, మూలన ఒక పాదం. "ఇదెవరు?" అంటే, "మా పెద్దది అక్కా, అప్పుడే పడింది," అని పగలబడి నవ్వింది. పిల్ల పడితే తల్లి ఫోటో తీసింది. ఎత్తాలా, తియ్యాలా?

"కాస్త శుభ్రం చేసి ఇవ్వనా?" అన్నాను జాలిపడి. "మొహాలు తెల్లబరుస్తాను. ఆ మోకాలి మీద పుండు తీసేస్తాను."

"వద్దక్కా. ఆ పుండు గురించే రాసింది అది, రెండు పేజీలు."

అంతలో ఆవిడ కళ్ళు గోడ పక్కనున్న బల్ల మీద పడ్డాయి. నోటుబుక్కులో అంటించినవి కాక, పెద్దవి చేసి పెట్టుకున్న మా ఫోటోలు అక్కడ పరిచి ఉన్నాయి. లోపల పెట్టాల్సింది. పెట్టలేదు. పెట్టాలనిపించలేదేమో కూడా.

"ఎప్పుడెళ్ళారక్కా సముద్రానికి? చెప్పనే లేదు!"

"మొన్న ఆదివారం," అన్నాను.

మిరియం గుమ్మంలో నిలబడి ఉంది. షికారు పెద్దకూతురు దాని దగ్గరికి వెళ్ళింది. "అల నిన్ను పడేసిందా? నన్నయితే రెండుసార్లు పడేసింది. ముక్కులోకి పోయాయి నీళ్ళు. నీకు పోయాయా?"

మిరియం నా వైపు చూసింది.

"మా పిల్ల లోపలికి వెళ్ళలేదు," అన్నాను నేను. "ఒడ్డునే ఉంది. మాకు బుద్ధి ఉంది."

చిన్నపిల్ల, ఆరేళ్ళది, ఫోటో మీదకి ముక్కు ఆనించి చూస్తోంది. చూసి చూసి తల తిప్పింది.

"పెద్దమ్మా, ఈ పక్షి మా పిన్ని పెళ్ళి ఫోటోలో కూడా ఉంది."

షికారు కూడా ఆ ఫోటో మీదకి వంగింది.

"అక్కడ కూడా ఇక్కడే ఎగురుతోంది," అంది, వేలుపెట్టి చూపిస్తూ. "ఇంత ఎత్తులోనే. ఇంకా వెళ్ళిపోలేదా?"

మా ఆయన అచ్చు వేసే యంత్రం మీద లేని దుమ్ము తుడవడం మొదలుపెట్టాడు. నాకు తెలుసు, షికారు ఇప్పుడు నవ్వుతుంది. ఇన్నాళ్ళూ అన్నిటికీ నవ్వింది, దీనికి నవ్వదా? నవ్వితే ఏం అనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఆవిడ నవ్వలేదు.

"పక్షులన్నీ ఒకేలా ఉంటాయి లేవే," అంది పిల్లని దగ్గరికి లాక్కుని. "చాలా బాగా వచ్చాయక్కా ఫోటోలు. మిరియం ఎంత బాగుందో." వాళ్ళ ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయింది. గుమ్మం దాటేటప్పుడు మిరియం తల మీద చెయ్యి వేసి మరీ వెళ్ళింది.

ఆ చెయ్యి తీసి అవతల పారెయ్యాలనిపించింది. నవ్వితే బాగుండేది.

"దొంగ పిల్లలు," అన్నాను తలుపు వేస్తూ. "అన్నీ వాళ్ళకే కావాలి. పద, అన్నం తిందువుగాని."

మిరియం వచ్చి తింది. చెయ్యి కడుక్కుంది. పైకి వెళ్ళి పడుకుంది. మాట లేదు.

మొదటి రోజు అలక అనుకున్నాను. రెండో రోజు పొగరు అనుకున్నాను. మూడో రోజు భయం పట్టుకుంది. పిలిస్తే వస్తోంది, చెప్పిన పని చేస్తోంది, అవునన్నా కాదన్నా తలతోనే. గొంతులో ఏదైనా పుండు లేచిందా? నాలుక మడతపడిందా? ఎవరో పిల్లకి ఇలాగే మాట పడిపోయి ఇంక రాలేదని ఎక్కడో విన్నాను. టార్చి వేసి నోరు తెరిపించి చూశాను. ఎర్రగా, శుభ్రంగా ఉంది. తెరిచిన నోట్లోంచి ఒక్క ముక్క బయటికి రాలేదు.

ఐదో రోజున డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాను.

"ఆ అనమ్మా," అన్నాడు డాక్టరు. అంది. "ఏ తరగతి?" చెప్పింది. "సెలవుల్లో ఏం చేశావు?" అని కూడా అడిగాడు ఆయన, ఊరుకోకుండా. మిరియం కాసేపు గోడ మీద క్యాలెండరు చూసి, "గుడ్లు తిన్నాను," అంది.

"బాగానే మాట్లాడుతోంది కదమ్మా," అన్నాడు నాతో.

నాతో కాదండీ అని ఎలా చెప్పను? అలాంటివాటికి ఆయన దగ్గర మందుందా? ఊరికే పంపిస్తే బాగుండదని ఏదో టానిక్కు రాసిచ్చాడు. తెచ్చి రోజూ రెండు చెంచాలు పోశాను. నోరు తెరిచి మింగి మళ్ళీ మూసుకునేది.

"దాని గొంతుకేం కాలేదు," అన్నాడు మా ఆయన. "నాతో మాట్లాడుతోంది."

"ఏం మాట్లాడుతోంది?"

"ఏదో. మామూలుగా."

మామూలుగా! ఆ మాటకి ఆయన్ని ఏమన్నా పాపం లేదు. కానీ నాకు తిట్టు కుదరలేదు.

ఒకరోజు నేను వెనక గదిలో గుడ్డలు మడత పెడుతున్నాను. ముందు గదిలో ఎవరూ లేరనుకున్నాను. మిరియం గొంతు వినపడింది. డాక్టరు దగ్గర అన్న రెండు ముక్కలు కాక, పదిరోజుల తర్వాత దాని గొంతు వినడం. చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

"నాన్నా, నువ్వు తీసుకెళ్ళు నన్ను. నీళ్ళ దగ్గరికి."

"మీ అమ్మ ఊరుకోదే. భయంతో చచ్చిపోతుంది."

"అమ్మకేం కాదు," అంది మిరియం. "ఏమైనా అవ్వాలంటే ఎక్కడికైనా వెళ్ళాలిగా."

ఆయన నవ్వబోయి ఆపుకున్నట్టు ఒక దగ్గు వచ్చింది.

నేను ఆ మాటకి కాదు అలా నిలబడింది. ఆ గొంతుకి. ఆఖర్న అలా పైకి లేపి, మూతి ఒక పక్కకి తిప్పి అనే తీరు నాకు బాగా తెలుసు. షికారు గురించి, టీచరు గురించి, దుకాణానికి వచ్చేవాళ్ళ గురించి, ఆయన గురించి రోజంతా ఆ ఇంట్లో వినపడేది ఆ గొంతే. తొమ్మిదేళ్ళ పిల్ల నోట్లో అది ఎంత అసహ్యంగా ఉంటుందో అంతకు ముందు వినలేదు. దుప్పటి మడత తప్పింది. విప్పి మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.

ఆ సాయంత్రం దాని సంచీ తీశాను. నోటుబుక్కులో ఫోటోలు లేవు. పంతొమ్మిదీ ఊడబెరికింది. చింపలేదు, చక్కగా ఒకదాని మీద ఒకటి పేర్చి రబ్బరుబ్యాండు వేసి అట్ట వెనక పెట్టింది. పేజీల మీద ఎండిపోయిన జిగురు, దాని కింద గుండ్రటి అక్షరాలతో 'చాలా సరదాగా గడిచింది', 'చాలా సరదాగా గడిచింది'. ఇరవయ్యో పేజీ ఖాళీగా ఉంది. బడి తెరవడానికి ఇంక నాలుగు రోజులు.

మర్నాడు పొద్దున్నే వీధి దాటి ఎదురింటికి వెళ్ళాను. ఆ ఇంటి గుమ్మం నేనెక్కడం అదే మొదలు. షికారు మిషను మీద ఏదో లంగా అంచు కుడుతోంది.

"పారే నీళ్ళు ఎక్కడున్నాయి?" అన్నాను.

ఆవిడ కాలు తొక్కుడు మీద ఆగింది. "మేం వెళ్ళిన వాగా అక్కా?"

"వాగో, మురికికాలవో. నాకేం తెలుసు?"

"పదకొండో నంబరు బస్సు. ఆఖరి స్టాపులో దిగి కుడిచేతి వైపు నడిస్తే వినపడుతుంది. నేనూ రానా అక్కా తోడు?"

"అక్కర్లేదు. పిల్ల పడితే ఫోటో తీసే తోడు నాకెందుకు?"

నవ్వింది. అంతకాలానికి ఆ నవ్వు వింటే కాస్త స్థిమితంగా అనిపించింది. ఎందుకో అప్పుడు ఆలోచించలేదు.

ఇంటికొచ్చి, "పద," అన్నాను మిరియంతో. ఎక్కడికని అడగలేదు. అడిగితే చెబుదామని ఉంది. సంచీలో గొడుగు, రెండు తువ్వాళ్ళు, దూది, పుండ్ల మందు, బిస్కెట్లు, రెండు సీసాల నీళ్ళు, టార్చి పెట్టాను. పట్టపగలు టార్చి ఏమిటని మా ఆయన అడగబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు. కెమెరా ఇవ్వబోయాడు. వద్దన్నాను.

బస్సు గురించి చెప్పేదేమీ లేదు. దాన్ని నడిపేవాడికి ప్రాణం మీద ఆశ లేదు, అంతే. ఎక్కినవాళ్ళకి అంతకన్నా లేదు. కిటికీలోంచి చేతులు బయటపెట్టి కబుర్లు చెప్పుకుంటున్నారు. ముందు సీటులో ఒకావిడ చంటిపిల్లని ఒళ్ళో పెట్టుకుని హాయిగా నిద్రపోతోంది. నేను నిద్రపోయేవాళ్ళ తరఫున కూడా ముందు కడ్డీ పట్టుకుని కూచున్నాను. మిరియం కిటికీ వైపు. ఆఖరి స్టాపు వచ్చేదాకా అది తల ఇటు తిప్పలేదు. వెనక రోడ్డు నిజంగానే మసకగా పరిగెత్తుతోంది.

వాగు దగ్గరికి వెళ్ళాం. దాన్ని సరదా అని కాగితం మీద రాసినవాళ్ళు దాన్ని చూసి ఉండరు. పెద్దవాళ్ళకి మోకాలి లోతు నీళ్ళు. రాళ్ళు. ఒక పక్క ఇద్దరు మగాళ్ళు వ్యాను కడుగుతున్నారు, ఆ సబ్బు నురగ మెల్లగా కిందికి పోతోంది. ఇంకో పక్క ఒక సంసారం డబ్బాలు విప్పి, ఈగలు తోలుకుంటూ అవే చేతుల్తో తింటోంది. మధ్యలో ఒక పెద్దమనిషి ప్యాంటు మడుచుకుని నిలబడి ఫోనుకేసి నవ్వుతున్నాడు. నవ్వండి అనేవాడు పక్కన లేకపోయినా తనకి తనే చెప్పుకుని నవ్వుతున్నాడు. ఇందుకేనా ఊరంతా బస్సులెక్కి పరిగెత్తేది?

మిరియం చెప్పులు విప్పి పక్కపక్కన పెట్టింది. గౌను కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుంది. నన్ను అడగలేదు, చూడలేదు. దిగింది.

"మెల్లగా," అన్నాను. "అక్కడ లోతు ఉంటుంది. ఆ నురగలోకి వెళ్ళకు. రాయి కదులుతుందేమో చూసుకో. ఎండలో నెత్తి మాడుతుంది, గొడుగు పట్టుకో. అంత దూరం వద్దు. మిరియం! అంత దూరం వద్దన్నానా?"

అది ఆగింది. నా మాటకి ఆగిందో, అక్కడ ఆగాలనే ఆగిందో. వంగి నీళ్ళలో చెయ్యి పెట్టింది. ఒక రాయి తీసి చూసింది, మళ్ళీ తీసినచోటే పెట్టింది. వీపు ఒక్కటే కనపడుతోంది నాకు. మా పనిలో వీపులు పనికిరావు, ఎవరూ తీయించుకోరు. అందుకే కాబోలు దాని వీపు అంతసేపు ఎప్పుడూ చూడలేదు. సన్నగా, నిటారుగా, ఎవరి మీదా ఆధారపడనట్టు ఉంది.

ఇంకా హెచ్చరికలు మిగిలే ఉన్నాయి. పాములున్నాయి, జలగలున్నాయి, పైనెక్కడో వాన పడితే ఒక్కసారి వరదొస్తుంది. అన్నీ నోటిదాకా వచ్చాయి. చెప్పి ఏం లాభం? తల ఊపుతుంది. అది నాకు తలూపడం ఇంక చూడలేను.

ఒడ్డున నిలబడి ఉంటే నా నీడ నీళ్ళదాకా కూడా పోవడం లేదు.

"నేనూ రానా?" అన్నాను.

గొంతు నాదిలా లేదు. ఫోను పెద్దమనిషి ఒకసారి ఇటు చూసి మళ్ళీ తన మొహం చూసుకున్నాడు. మిరియం చెయ్యి నీళ్ళలో కదలకుండా ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. వినపడలేదేమో అనుకున్నాను. వినపడిందని తెలుసు. వ్యాను కడిగేవాళ్ళు బకెట్లు లోపల వేసుకుని, తలుపులు దడేలున వేసుకుని వెళ్ళిపోయారు. నురగ దాన్ని దాటి, నన్ను దాటి, మలుపు తిరిగి పోయింది. తినేవాళ్ళు డబ్బాలు మూశారు. సంచీ బుజాన్ని కోస్తోంది, దించి కింద పెట్టే ధైర్యం కూడా లేదు నాకు. ఇంకోసారి అడగకూడదనుకున్నాను. అడగలేదు.

మిరియం నిటారుగా లేచి, తడిచెయ్యి గౌనుకి తుడుచుకుని, నా వైపు తిరిగింది.

"చెప్పులు విప్పి రా," అంది. "అటునుంచి కాదు, అక్కడ జారుతుంది. ఇటు రా."